పాత డి80 డోజర్: గేరు పడట్లేదు, లాగితే గర్ర్ అంటోంది

దర్శి_డోజర్ · సోమవారం రాత్రి

అన్నలందరికీ నమస్కారం. మాది దర్శి దగ్గర పల్లె. బీఈఎంఎల్ డి80ఏ-12 పాత బండి ఒకటి మా అన్నదమ్ములం కలిసి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. చేలు చదును చేయడం, రాళ్ల పొలాలు బాగు చేయడం, అప్పుడప్పుడు కుంట కట్టలు పోయడం, ఇదీ పని. ఇంజన్‌కి ఏ లోటూ లేదు, పొగ కూడా తక్కువే. బాధంతా గేర్లతోనే.

క్లచ్ లివర్ ముందుకి పూర్తిగా తోసి గేరు వేయబోతే పళ్లు గర్ర్‌మని రాసుకుంటాయి తప్ప పడదు. రివర్స్ అయితే మరీ ఘోరం. పొద్దున స్టార్ట్ చేశాక మొదటి గంట నరకం, వేడెక్కాక కొంచెం నయం. రెండో గేరుకైతే లివర్‌ని రెండు చేతులతో లాగాలి. మా ఆపరేటర్‌కి భుజం పట్టేసి ఇప్పుడు పనికి రానంటున్నాడు.

దగ్గర్లో ఒక మెకానిక్‌ని పిలిస్తే "లోపల గేర్లు పోయాయి, బాక్సు దించాలి" అన్నాడు. ఖర్చు మూడు లక్షల పైమాటేనట. దించమంటారా? కోతలయ్యి పొలాలు ఖాళీ అయ్యే టైం ఇది, బండి పడుకుంటే సీజన్ పోతుందని టెన్షన్‌గా ఉంది.

మస్కట్_ఆపరేటర్ · సోమవారం రాత్రి

బ్రదర్, ముందు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ చూడు. ఫిల్టర్ మార్చి, కంట్రోల్ వాల్వు విప్పి కడిగించు. ఇక్కడ మా డి155కి గేరు లేటుగా పడుతుంటే అలాగే సెట్ అయింది.

రామగుండం_ఓబీ · సోమవారం రాత్రి

అన్నా, నువ్వు చెప్పేది పవర్ షిఫ్ట్ (ఆయిల్ ప్రెషర్‌తోని గేరు పడే) బండి సంగతి. ఇది డి80. కొమాట్సు డిజైన్లల్ల పేరు చూస్తేనే తెలుస్తది. డి50, డి60, డి80, డి150 డైరెక్ట్ డ్రైవ్, అంటే ఇంజన్ బలం క్లచ్ మీదుగా నేరుగా బాక్సుకి పోయే బండ్లు. డి65, డి85, డి155 క్లచ్‌కి బదులు ఆయిల్‌తోని బలం పంపే టార్క్ కన్వర్టర్ బండ్లు. బీఈఎంఎల్ వాళ్లు కేజీఎఫ్‌ల కట్టిన పాత డి80లు కూడా ఆ డిజైనే. వీటికి ప్రెషర్‌తోని గేరు పడదు. క్లచ్చూ చేతితోనే, గేరూ చేతితోనే. తిరిగే పళ్ల వేగాలు కలిపే సింక్రోనైజర్ అసలే ఉండదు.

దర్శి తమ్ముడూ, బాక్సు దించుడు ఇప్పుడే వద్దు. నాకు ఒక్క సంగతి చెప్పు. ఇంజన్ బంద్ చేసి, క్లచ్ లివర్ ముందుకి తోసిపెట్టి, ఒక్కో గేరు వేసి చూడు. పడుతున్నదా లేదా?

మస్కట్_ఆపరేటర్ · సోమవారం రాత్రి

ఓకే అన్నా, డైరెక్ట్ డ్రైవ్ అని చూసుకోలేదు. డి80 నేను ముట్టుకుని చాలా ఏళ్లయింది.

ఆటోనగర్_బాబాయ్ · మంగళవారం పొద్దున

రామగుండం ఆయన అడగాల్సిందే అడిగాడు. అబ్బాయ్, ఆ జవాబు వచ్చేదాకా స్పానర్ పట్టుకోవద్దు. విజయవాడ ఆటోనగర్‌లో నేను ఈ పనిలో తల పండిన వాణ్ణి. గేరు పడట్లేదంటే అందరూ వెనక బాక్సు వైపే చూస్తారు. చాలాసార్లు బాక్సు ఏ పాపం ఎరగదు. క్లచ్ విడిపించినా బాక్సులోకి వెళ్లే షాఫ్టు ఆగడం లేదు, అదీ అసలు గొడవ. తిరుగుతున్న పళ్లలోకి తిరగని పళ్లను దూర్చాలని చూస్తే గర్ర్ అనక ఏమంటుంది?

ఇంజన్ ఆపినప్పుడు గేరు సుఖంగా పడి, ఇంజన్ నడుస్తుంటేనే పడకపోతే తప్పు క్లచ్ వైపు ఉంది. ఇంజన్ ఆపినా లివర్ కదలకపోతే అప్పుడు ఇంటర్‌లాక్ (క్లచ్ విడవకుండా గేరు కదలనివ్వని తాళం), గేర్లని జరిపే షిఫ్టర్ రాడ్లు, ఫోర్కులు చూడాలి. రెండూ కలిసి ఉన్న బండ్లు కూడా చూశాను, కంగారు పడొద్దు.

ఇంకో పరీక్ష చెబుతాను. బండి చదునైన నేల మీద పెట్టు, బ్లేడు నేలకి దించు, బ్రేకు లాక్ చెయ్యి. గేరు న్యూట్రల్‌లో ఉంచు. ఆపరేటర్ కాళ్ల కింది ప్లేటు ఇంజన్ ఆపి ఉండగానే విప్పేస్తే క్లచ్‌కీ బాక్సుకీ మధ్య యూనివర్సల్ జాయింట్ కనిపిస్తుంది. ఇప్పుడు ఒకరు సీట్లో కూర్చుని ఇంజన్ లో ఐడిల్‌లో నడపాలి. ఇంకొకరు దూరంగా నిలబడి టార్చి వేసి చూడాలి. లుంగీ, కండువా వద్దు. చెయ్యి లోపల పెట్టేది లేదు. క్లచ్ కలిపితే షాఫ్టు తిరుగుతుంది. లివర్ ముందుకి తోసి, షాఫ్టుని ఆపే చిన్న బ్రేకు (ఇనర్షియా బ్రేకు) తగిలేదాకా నొక్కకుండా ఊరికే విడిపించు. షాఫ్టు నెమ్మదించి తనంతట తాను ఆగాలి. ఎంతసేపైనా తిరుగుతూనే ఉంటే ప్లేట్లు పూర్తిగా విడవట్లేదని అర్థం. విడిచి, నెమ్మదిగా ఆగుతోంది కానీ లివర్ గట్టిగా నొక్కినా గబుక్కున ఆగట్లేదంటే ఇనర్షియా బ్రేకు అరిగింది.

చూసి రాయి.

పెన్నా_ఆపరేటర్ · మంగళవారం మధ్యాహ్నం

మా నాన్న సోమశిల కాలవ పనుల్లో డోజర్ నడిపాడు, నేను ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నా. బండి బాగున్నా చెయ్యి బాగా లేక గేర్లు అరిచేవి కొన్ని ఉంటాయి. కాబట్టి ఇదీ చూడండి. క్లచ్ తోశాక ఒక్క క్షణం ఆగాలి. లివర్ చివరిదాకా నొక్కితే షాఫ్టు బ్రేకు పడుతుంది. అప్పుడు గేరు వేయాలి. పన్నుకి పన్ను ఎదురుపడి ఆగిపోతే బలం పెట్టకూడదు. క్లచ్ లివర్‌ని కాస్త వెనక్కి తెచ్చి షాఫ్టుని పిసరంత తిప్పి, మళ్లీ తోసి వేస్తే సుళువుగా పోతుంది. ఇప్పుడొచ్చే కుర్రాళ్లు లారీ గేరులా కదిలే బండిలో మారుస్తారు. ఈ బండికి నిలబెట్టి మార్చడమే పద్ధతి. లివర్‌కి పైపు తొడిగి లాగేవాళ్లని కూడా చూశాను. ఫోర్కు వంగిపోతుంది, ఇక అప్పుడు నిజంగానే బాక్సు విప్పాలి.

దర్శి_డోజర్ · బుధవారం సాయంత్రం

అందరికీ థాంక్స్. ఇవాళ మీరు చెప్పినట్టు చూశాం.

ఇంజన్ ఆపితే ఒకటి, మూడు, రివర్స్ చక్కగా పడుతున్నాయి. రెండు మాత్రం ఇంజన్ ఆపినా గట్టిగానే ఉంది, లివర్ సగంలో ఏదో అడ్డు తగిలినట్టు ఆగుతోంది. బాబాయ్ చెప్పిన షాఫ్టు పరీక్ష కూడా చేశాం. క్లచ్ విడిపించినా షాఫ్టు ఆగట్లేదు. మెల్లగా, కానీ తిరుగుతూనే ఉంది. లివర్ గట్టిగా నొక్కితే కొంచెం తగ్గుతుంది తప్ప పూర్తిగా ఆగదు.

క్లచ్ కేసులో ఆయిల్ గేజి తీసి చూస్తే జిగురుగా నల్లగా ఉంది. వేళ్ల మధ్య తీగలు సాగుతోంది. అమ్మినాయనకి ఫోన్ చేసి అడిగితే "140 నంబరు పోశాం, లీకేజీ తగ్గిందిగా" అన్నాడు.

ఆటోనగర్_బాబాయ్ · బుధవారం సాయంత్రం

దొరికింది సగం దొంగ. క్లచ్ కేసులో 140 గేరాయిల్ పోస్తే ప్లేటుకి ప్లేటు అంటుకుపోతుంది. చలి పొద్దున మరీ. నీకు పొద్దున నరకం, వేడెక్కాక నయం అనిపించడం అందుకే. ఆయిల్ పల్చబడ్డాక ప్లేట్లు కాస్త విడుస్తున్నాయి.

లీకేజీకి మందు అని చిక్కటి ఆయిల్ పోయడం మన దగ్గర పాత రోగం. గేరాయిల్లో గంధకం మందులు కూడా ఉంటాయి. కంచు పొడితో చేసిన ప్లేట్లకి అది మంచిది కాదు. వేడెక్కిన కొద్దీ వాటిని తింటుంది. మాన్యువల్‌లో క్లచ్ కేసుకి ఏ గ్రేడు చెప్పారో అదే పోయాలి. ఆయిల్లో నానే తడి క్లచ్‌లకి మామూలుగా ఇంజన్ ఆయిల్ రకమే, 30 నంబరు లాంటిది, చెబుతారు.

బండి వేడిగా ఉన్నప్పుడు ఆయిల్ దించు. ఆయిల్ వడకట్టే స్ట్రెయినర్ విప్పి కడుగు. స్ట్రెయినర్‌లోనూ, అయస్కాంతం మీదా చేరిన పొడి ఏ రంగో చూడు. బూడిద రంగు ముద్ద అయితే ఇనుము. పసుపు తళతళలు ఎక్కువ ఉంటే ప్లేట్లు అరుగుతున్నాయి.

పాలకొల్లు_చెరువులు · బుధవారం రాత్రి

లోపల డీజిల్ పోసి ఇంజన్ కాసేపు తిప్పితే అంతా కడిగేస్తుంది కదా బాబాయ్? మా డి50కి మేం అలాగే చేస్తాం.

ఆటోనగర్_బాబాయ్ · బుధవారం రాత్రి

పోసి దించెయ్యి, తిప్పొద్దు. డీజిల్‌కి జారుడు ఉండదు, పైలట్ బేరింగ్ (క్లచ్ షాఫ్టు ముందు కొసని మోసేది), ప్లేట్లు ఆ కాసేపట్లోనే గీరుకుంటాయి. కడగాలనుకుంటే పల్చటి ఇంజన్ ఆయిల్ పోసి, కాసేపు లో ఐడిల్‌లో నడిపి దించు. ఆయిల్ డబ్బు పోతుందని ఏడవొద్దు.

రామగుండం_ఓబీ · గురువారం పొద్దున

బాబాయ్ మాట కరెక్టే. కానీ నాకు ఆయిల్ ఒక్కటే అనిపిస్తలేదు. ఓపెన్ కాస్ట్ బొగ్గు గనులల్ల నేను చూసిన పాత డి80లల్ల క్లచ్ లింకేజీ పిన్నులు అరిగి ఉండుడు ఎక్కువ. ఆపరేటర్ చేతిల లివర్ పూర్తిగా పోయినట్టే ఉంటది. లోపల ప్లేట్లని విడిపించే కాలరు మాత్రం ముప్పావు దూరమే పోతది. పిన్నుకి ఇంత, బుష్షుకి ఇంత, కాలరుని తోసే యోక్‌కి ఇంత అని తలా కొంచెం లూజు తింటే చివరకి ఏం మిగలదు. ఇంజన్ బంద్ చేసి, ఒకరు లివర్ మెల్లగా ఆడిస్తే, ఇంకొకరు ఒక్కో కీలు దగ్గర వేలు పెట్టి చూడు. ఎక్కడ చేయి ఆడుతదో అక్కడ పిన్ను పోయింది.

ఇంకోటి. లివర్ వేసేటప్పుడు "టక్" మని దాటుతున్నదా? ఓవర్ సెంటర్ క్లచ్ కదా, అంటే లివర్ మధ్య బిందువు దాటినంక బిగుసుకుని నిలిచే రకం, ఆ టక్ రావాలి. టక్ లేకుంటే లూజ్, జారుతది, ప్లేట్లు వేడెక్కి వంకరైతయి. ఒంటి బరువంతా వేస్తేనే దాటుతున్నదంటే టైట్ ఎక్కువైంది. టైట్ ఎక్కువైనా విడిపించినప్పుడు ప్లేట్ల మధ్య సందు ఉండదు.

దర్శి_డోజర్ · శనివారం రాత్రి

ఆయిల్ మార్చాం. స్ట్రెయినర్ సగం మూసుకుపోయి ఉంది. పొడి ఎక్కువగా బూడిద రంగే, పసుపు తళతళ కొద్దిగా. పొద్దున నరకం పోయింది, అది ఒప్పుకోవాలి. చల్లటి బండికీ ఒకటో గేరు చిన్న గర్రుతో పడుతోంది.

అయినా షాఫ్టు పూర్తిగా ఆగట్లేదు. రామగుండం అన్న చెప్పినట్టు కీళ్లన్నీ చూశాం. క్లచ్ యోక్ దగ్గరి పిన్ను గుండ్రంగా కాదు, కోడిగుడ్డులా ఉంది. లివర్ అడుగు పిన్ను కూడా అంతే. బుష్షు ఉందో లేదో కూడా తెలియట్లేదు. ముందెవరో రాడ్డు పొడవు తగ్గించి ఆ లూజుని సర్దారు. రాడ్డు మీద వెల్డింగు మచ్చ కనిపిస్తోంది. టక్ శబ్దం మాత్రం గట్టిగానే ఉంది, చాలా బలం పెట్టాలి.

పిన్నులు ఇక్కడ లేత్ షాపులో కొట్టించమంటారా, కంపెనీవి తెప్పించమంటారా?

లేత్_మాస్టర్ · శనివారం రాత్రి

మాది తెనాలి. పాత పిన్ను తెస్తే చేయడం పెద్ద పని కాదు. కానీ అరిగిన చోట కొలత తీసి చేయిస్తే పిన్ను మళ్లీ లూజే వస్తుంది. పిన్ను చివర అరగని భాగం ఉంటుంది, అక్కడ మైక్రోమీటర్‌తో కొలవాలి. మామూలు ఎంఎస్ (మెత్తటి ఉక్కు) కడ్డీతో చేయించొద్దు, ఒక్క సీజన్‌లో తినేస్తుంది. ఈఎన్8 రకం ఉక్కు తీసుకుని, పైపొర గట్టిపడేలా ఇండక్షన్ హార్డెనింగ్ చేయిస్తే బాగుంటుంది. బుష్షు గన్‌మెటల్. గ్రీజు గాడి తప్పకుండా పెట్టించండి. యోక్ రంధ్రం కూడా అరిగి ఉంటే ముందు దాన్ని బోర్ చేసి సరి చేయాలి, లేకపోతే కొత్త బుష్షు కూడా ఏటవాలుగా కూర్చుంటుంది.

ఆటోనగర్_బాబాయ్ · ఆదివారం పొద్దున

లేత్ ఆయన చెప్పినట్టు చేయించు. పిన్నులు కొత్తవి వేశాక ఆ వెల్డింగు రాడ్డుని అలాగే వదలొద్దు. పాత లూజుకి సరిపోయేలా వాడు రాడ్డు కుదించాడు. లూజు పోయాక ఆ కుదింపు ఎక్కువైపోతుంది. పార్ట్స్ బుక్కులో ఉన్న కొలతకి తెచ్చి, అప్పుడు క్లచ్ అడ్జస్ట్ చేయాలి. వరస ఇదే. ముందు అడ్జస్ట్ చేసి తర్వాత పిన్నులు మారిస్తే రెండు పనులూ వృథా.

అడ్జస్ట్ చేసేటప్పుడు ఇంజన్ ఆపి, బ్యాటరీ వైరు తీసెయ్యి. ఇన్‌స్పెక్షన్ కవర్ విప్పి, లాక్ వదులు చేసి, అడ్జస్ట్ చేసే రింగుని ఒక్కో గాడి మాత్రమే తిప్పు. ప్రతిసారీ లివర్ వేసి చూడు. టక్ స్పష్టంగా రావాలి, ఒక చేత్తో దాటాలి. నీ బండికి ఇప్పుడు టైట్ ఎక్కువ ఉంది కాబట్టి వదులు వైపు వెళ్లాల్సి రావచ్చు. మరీ వదిలేస్తే లోడ్‌లో జారుతుంది, బ్లేడు నిండా మట్టి పట్టి చూసుకో.

ఇక రెండో గేరు. ఈ బండ్లలో క్లచ్ లివర్‌కి, బాక్సు మూతకి మధ్య ఇంటర్‌లాక్ రాడ్డు ఒకటి ఉంటుంది. క్లచ్ కలిసి ఉండగా గేరు జారిపోకుండా, ఎవరూ లాగకుండా పట్టి ఉంచడం దాని పని. క్లచ్ పూర్తిగా విడిస్తేనే లోపలి లాక్ తప్పుకుని షిఫ్టర్ రాడ్లని వదులుతుంది. లివర్ ప్రయాణం తగ్గితే ఆ లాక్ కూడా పూర్తిగా తప్పుకోదు. లింకేజీ సరిచేశాక ఆ రాడ్డు కూడా మళ్లీ సెట్ చెయ్యి. అప్పటికీ రెండో గేరు ఒక్కటే మొండికేస్తే పై మూత విప్పి రెండో గేరు షిఫ్టర్ రాడ్డు చూడు. మూత విప్పడానికి బాక్సు దించక్కర్లేదు.

పాలకొల్లు_చెరువులు · ఆదివారం పొద్దున

ఇంటర్‌లాక్ తీసేసి నడిపేవాళ్లని మా వైపు చూశాను. గేరు హాయిగా పడుతుంది.

పెన్నా_ఆపరేటర్ · ఆదివారం మధ్యాహ్నం

హాయిగా పడటమే కాదు, కట్ట దిగేటప్పుడు హాయిగా ఊడి న్యూట్రల్‌కి కూడా వస్తుంది. వాలు మీద గేరు జారిన చెయిన్ బండి ఎంత వేగంగా పోతుందో చూసినవాళ్లు ఆ మాట అనరు. అది తీయొద్దు అబ్బాయ్, ఎవరు చెప్పినా సరే.

దర్శి_డోజర్ · తర్వాతి శుక్రవారం

రిపోర్టు రాస్తున్నా. ఒంగోలులో పిన్నులు చేయించాం, ఈఎన్8తోనే. యోక్ రంధ్రం బోర్ చేసి గన్‌మెటల్ బుష్షు కొట్టించాం. వెల్డింగు రాడ్డు తీసేసి సరైన కొలతకి కొత్తది. క్లచ్ వదులు వైపు తిప్పాల్సి వచ్చింది, బాబాయ్ అన్నట్టే. ఇప్పుడు లివర్ ఒక చేత్తో టక్‌మంటోంది.

షాఫ్టు పరీక్ష మళ్లీ చేశాం. ఊరికే విడిస్తే నెమ్మదించి ఆగుతోంది. కానీ గట్టిగా నొక్కినా అంతే టైం పడుతోంది. అంటే బ్రేకు పని చేయట్లేదు. కవర్ తీసి చూస్తే లైనింగు రివెట్ల దాకా అరిగి ఉంది.

రెండో గేరు కోసం పై మూత కూడా విప్పాం. గేర్ లివర్ రబ్బరు బూటు చిరిగి వాన నీళ్లు లోపలికి దిగాయి. రెండో గేరు షిఫ్టర్ రాడ్డు మీద తుప్పు, గేరుని పట్టి ఉంచే బంతి కూర్చునే గాడి అంచున లోహం లేచి ఉంది. స్ప్రింగు కూడా తుప్పు పట్టి బిగుసుకుంది. గేర్ల పళ్లు మాత్రం బాగున్నాయి. మూలలు కాస్త గుండ్రపడ్డాయి, అంతే. మూడు లక్షల మెకానిక్‌కి ఫోటో పంపాను, చూసి ఊరుకున్నాడు.

రామగుండం_ఓబీ · శుక్రవారం

మంచిగైంది తమ్ముడూ. రాడ్డుని గ్రైండర్‌తోని ముట్టకు. ఆయిల్ స్టోన్‌తోని లేచిన అంచు మాత్రం దించు, గాడి లోతు మార్చొద్దు. లోతు మారితే గేరు నిలబడదు. బంతి, స్ప్రింగు కొత్తవి వెయ్యి. బాక్సు ఆయిల్ ఏ రంగున్నది? నీళ్లు దిగినయి అంటున్నవ్ కాబట్టి తెల్లగా చిక్కబడితే మొత్తం దించాలె.

దర్శి_డోజర్ · శుక్రవారం

కొంచెం తెల్లబడింది అన్నా. దించేస్తున్నాం. బ్రేకు లైనింగు సంగతి చెప్పండి. మా ఊళ్లో లారీ బ్రేకు లైనింగు అతికించి ఇస్తామంటున్నారు.

ఆటోనగర్_బాబాయ్ · శుక్రవారం రాత్రి

మీ బండిలో ఆ బ్రేకు ఆయిల్లో నానుతూ పని చేస్తుంటే లారీ లైనింగు వద్దు. అది పొడి డ్రమ్ముకి చేసింది. ఆయిల్లో పట్టదు, గమ్ము కూడా వదిలేస్తుంది. ఊడిన ముక్క వెళ్లి స్ట్రెయినర్‌లో పడితే మళ్లీ నాకే ఫోన్ చేస్తావు. ఆయిల్ తడిలో వాడే లైనింగు ఆటోనగర్‌లో దొరుకుతుంది, రివెట్లతో కొట్టించు. రివెట్ తల లైనింగు లోపలికి దిగి ఉండాలి.

దర్శి_డోజర్ · ఆ తర్వాతి బుధవారం

లైనింగు కొట్టించాం, షాఫ్టు ఇప్పుడు లివర్ నొక్కగానే ఆగుతోంది. ఆపరేటర్ మళ్లీ పనికి వచ్చాడు, పెన్నా అన్న చెప్పినట్టు ఆగి వేయమని చెప్పాను. ఒకటి, రెండు, రివర్స్ అన్నీ ఒక చేత్తో పడుతున్నాయి. మూడు నుంచి నాలుగుకి మాత్రం ఎప్పుడైనా చిన్న గర్ర్ వస్తుంది. పళ్ల మూలలు అరిగాయి కాబట్టి అది ఉంటుందనుకుంటున్నా.

పల్చటి ఆయిల్ పోశాక పాత లీకేజీ తిరిగొచ్చింది. క్లచ్ కేసు వెనక సీలు దగ్గర రోజంతా పని చేస్తే ఒక చెంచాడు కారుతోంది. సీజన్ అయ్యాక సీలు మారుస్తాం, అప్పటిదాకా రోజూ గేజి చూసి పోసుకుంటాం.

లివర్ బూటుకి ప్రస్తుతానికి లారీ ట్యూబు ముక్క కోసి క్లాంపు బిగించాం. పర్లేదా?

లేత్_మాస్టర్ · బుధవారం

వానకి ఆగుతుంది. ఆయిల్ తగిలితే ట్యూబు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, క్లాంపు దగ్గర జారిపోతుంది. నైట్రైల్ రబ్బరు షీటు అడగండి, హైడ్రాలిక్ గొట్టాలు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. దానితో కోయించుకోండి.

రామగుండం_ఓబీ · బుధవారం

రాత్రి బండి పెట్టేటప్పుడు లివర్ మీద టార్పాలిన్ కప్పు తమ్ముడూ, బూటు ఏదైనా సరే. సీలు మార్చే రోజు పైలట్ బేరింగ్ కూడా చేతితో తిప్పి చూడు. క్లచ్ ఎట్లాగూ బయటకి వస్తది.